ఉప్పు చూసినంత

సాల్మన్‌రాజు విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్ బార్‌లో ముప్పై ఏళ్లు గ్లాసులు నింపాడు. తను మాత్రం చుక్క నోట పెట్టలేదు. బార్‌లో పనిచేసేవాడికి పిల్లనివ్వడానికి ఎస్తేరమ్మ తండ్రి, చర్చి సంఘపెద్ద, ఒకటే షరతు పెట్టాడు. "అల్లుడూ, ఊరందరికీ మందు పొయ్యి. నువ్వు మాత్రం తాగకు." సాల్మన్‌రాజు బైబిలు మీద చెయ్యి వేశాడు. మామగారు పోయినా మాట పోలేదు.

తాగకపోయినా, రుచి చెప్పడంలో ఆయన్ని మించినవాడు ఆ బార్‌లో లేడు. ముఖ్యంగా బోర్బన్. మొక్కజొన్నతో కాచి, లోపల కాల్చిన ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఊరబెట్టే అమెరికా విస్కీ అది. అరచేతిలో చుక్క వేసుకుని, చేతులు రెండూ రుద్ది, వాసన చూసి చెప్పేవాడు. "ముందు బెల్లం పాకం అడుగంటినప్పటి తీపండి. తర్వాత కాలిన కర్ర. మింగేక, ఆఖర్న, వేగిన జీడిపప్పు." మింగాక ఏమవుతుందో మాత్రం తాగినవాళ్ల దగ్గర విన్నదే.

ఆ మాటలు విని కస్టమర్లు ఇచ్చిన టిప్పులతోనే నర్సీపట్నంలో ఇల్లు లేచింది. కూతురు జెన్నీ నర్సు చదివింది. అందుకే రిటైరయ్యాక కూడా అన్నం ముందు ప్రార్థనలో ఆ కస్టమర్లందరినీ తలుచుకునేవాడు. ఎస్తేరమ్మ ఊరుకునేది కాదు. "తాగుబోతుల కోసం పైకి ప్రార్థన సెయ్యకండి. పక్కింటోళ్లు ఇంటారు." అప్పట్నుంచి ఆ వంతు పెదవులతోనే కానిచ్చేవాడు.

ఒక శనివారం, ఆయన దగ్గర పని నేర్చుకున్న కిరణ్ బాబు బస్సు దిగి వచ్చాడు. తువ్వాల్లో చుట్టిన సీసా తెచ్చాడు. అడుగున రెండు వేళ్ల మందం బోర్బన్ ఉంది.

"ఇరవై మూడేళ్లు పీపాలో ఊరింది, గురువుగారూ. మళ్లీ దొరకదు. మన బార్‌కి రోజూ వొచ్చే ఓడ ఇంజనీరు గారు పంపేరు. 'రాజు మాటలు ఇని ఇన్నాళ్లూ నేను తాగేను, ఒక్కసారి రాజుని తాగమను' అన్నారు."

ఎస్తేరమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. "అంత సీసాకి ఇంతేనేటి?"

"సీసాలోది ఆ సారు తాగేరు, పిన్నిగారూ. పీపాలోనే సగం పైగా ఆవిరైపోద్ది. దాన్ని దేవదూతల వాటా అంటారు."

"దేవుడే పదోవంతు అడిగేడు. దూతలకి సగం కావాలేటి?"

సాల్మన్‌రాజు నవ్వలేదు. సీసాని వెలుగుకి పట్టి తిప్పుతున్నాడు. "నేనన్నేళ్లు సెప్పింది నిజమో కాదో నాకే తెల్దు, ఎస్తేరూ. నమ్మి తాగేరు వాళ్లు," అన్నాడు. సీసా మూత తియ్యకుండానే బల్ల మీద పెట్టేశాడు.

ఎస్తేరమ్మ లోపలికి వెళ్లింది. పొయ్యి మీద పులుసు దింపి, చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"మా నాన్న తాగొద్దన్నాడు. ఉప్పు సూడొద్దన్నాడేటి? సెయ్యి పట్టండి."

సీసా మూత తీసి, పులుసులో ఉప్పు చూడమని రోజూ పోసినట్టే, ఆయన అరచేతి గుంటలో కాస్త పోసింది. మందు సీసా పట్టుకోవడం ఆవిడకి అదే మొదలు.

అలవాటుగా ముందు వాసన చూశాడు. తర్వాత నాలుక ఆనించాడు. భగ్గుమంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంట తగ్గాక, ఆలస్యంగా, బెల్లం వచ్చింది. కాలిన కర్ర వచ్చింది. మింగి, చెయ్యి అలాగే చాపి కూర్చున్నాడు.

"ఏటండీ, వొచ్చిందా?"

"ఉండు."

కిరణ్ బాబు మెడ ముందుకు చాపాడు. పక్క వీధిలో ఎవరో జీడిపప్పు వేయిస్తే ఇక్కడికి తగిలినట్టు, నాలుక మొదట్లో సన్నగా మొదలైంది. పోతుందనుకున్నాడు. పోలేదు.

"వొచ్చింది," అన్నాడు. "అబద్ధం ఆడలేదు, ఎస్తేరూ."

మిగిలింది కిరణ్ బాబు చేతికే ఇచ్చేశాడు. "ఇంజనీరు గారికి ఇచ్చీ. తాగేనని కాదు, సూసేనని సెప్పు."

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సాల్మన్‌రాజు తల వంచాడు. ఎప్పటిలాగే పెదవులు కదలబోయాయి.

"ఈ పూట పైకే సెయ్యండి," అంది ఎస్తేరమ్మ. "పక్కింటోళ్లు ఇంటే ఇంటారు."