మిస్ ఓడెల్లా బొంత, కౌంటీవారి ఆరు మంచాలు

అమెరికాలోని మిల్వాకీ ఊళ్ళో ఉత్తరాన మా వీధిలో పసిపిల్లలన్నవాళ్ళు నిద్రపోయింది మిస్ ఓడెల్లా ప్రిడ్జెన్ ఇంట్లోనే. మా అబ్బాయీ వాళ్ళలో ఒకడు. ఇంట్లో వాడు నిద్రపోవడం నేను చూసి ఎరగను.

ఆవిడ పుట్టింది దేశానికి దక్షిణాన అలబామాలో. ఇరవయ్యో ఏట ఒక ట్రంకు పెట్టె, తల్లి కుట్టిచ్చిన అతుకుల బొంత పట్టుకుని ఇక్కడికి రైలెక్కింది. ఇరవై ఆరేళ్ళు ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికి, మోకాళ్ళు రాజీనామా ఇచ్చాక తనూ ఇచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ లోటు తీర్చే బాధ్యత మా వీధి మొత్తం తలకెత్తుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ముందుగదిలో నేలమీద ఆ బొంత పరిచేది. తండ్రి పొలం ప్యాంట్లు, పినతల్లుల గౌన్లు, పిండి సంచులు, అన్నీ అందులో ముక్కలు ముక్కలుగా కాపురముండేవి. మా పెద్దవాళ్ళందరూ అలబామా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి నేలపక్కల మీద పెరిగినవాళ్ళే. మా వీధి పిల్లలు ఆరుగురూ దానిమీద కుక్కపిల్లల్లా ఒకరి కాళ్ళమీద ఒకరు తలపెట్టుకుని పావుగంటలో నిద్రపోయేవారు. ఆ గంటన్నరా పక్కింటి ఏమస్‌కి కూడా దగ్గే అధికారం ఉండేది కాదు.

తొంభై ఏడులో ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. పేదతల్లులకు నెలనెలా చెక్కు పంపడం కంటే వాళ్ళని పనికి పంపడం మేలని తోచింది. వాళ్ళు పనికిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారన్నది కాస్త ఆలస్యంగా తోచింది. చూసేవాళ్ళకి కౌంటీయే, అంటే జిల్లా సర్కారే, డబ్బిస్తుందన్నారు. కాకపోతే చూసే మనిషి దగ్గర సర్టిఫికెట్టు ఉండాలి.

ఎదురింటి షవోండాకి ఇరవై ఒకటో ఏడు. కూతురు ఇమానీకి పద్నాలుగో నెల. షవోండాకి వృద్ధుల ఆశ్రమంలో పని దొరికింది. సోమవారం పొద్దున ఆరింటికల్లా చేరాలి. చేరకపోతే ఆ పనీ పోతుంది, చెక్కూ ఆగుతుంది. దగ్గర్లో ఉన్న శిశుకేంద్రానికి రెండు బస్సులు మారాలి, అదీ తలుపు తీసేది ఏడింటికి. కాబట్టి ఆ తల్లీకూతుళ్ళ బతుకంతా మిస్ ఓడెల్లా సర్టిఫికెట్టు మీద నిలబడింది.

నియమాల పుస్తకం నేనే చదివి వినిపించాను. చర్చి ఆడవాళ్ళు ఆరు చిన్న మడత మంచాలు ఇచ్చారు. మంటలార్పే ఎర్ర సిలిండరు కూడా తెచ్చారు. ఆ సోమవారానికి ముందు వచ్చే మంగళవారం తనిఖీ అని కబురొచ్చింది. అక్కడే దక్షిణాది నుంచి వచ్చిన మా నల్లజాతికి మాత్రమే సాధ్యమైన తప్పు జరిగింది. ఇంటికి పెద్దమనిషి వస్తోందనగానే మిస్ ఓడెల్లా మంచాలన్నీ నేలమాళిగలోకి చేరవేసింది. ఎర్ర సిలిండరు చూపుకి బాలేదని పరదా వెనక దాచింది. పిల్లలకి ఆదివారం బట్టలు తొడిగి, పౌండ్ కేకు కాల్చి, బొంత ఉతికి, నేలమీద నిండుగా పరిచింది.

“ఇంత ముస్తాబెందుకండీ? వచ్చేది పాస్టరు కాదుగా” అన్నాడు ఏమస్.

“నా గడప తొక్కినవాళ్ళెవరైనా నాకు అతిథులే. నువ్వొక్కడివే పిలవకుండా వచ్చేవాడివి.”

తనిఖీ చేసే మిసెస్ డ్రెక్స్‌లర్ సన్నగా, నిటారుగా, ఆవిడ చేతిలోని కొలతబద్దలాగే ఉంది. గది నాలుగు మూలలా చూసి, “మంచాలేవండీ?” అంది.

“కింద పెట్టించానమ్మా. నలుగురొచ్చే గదిలో ఆ ఇనప సామానేం బాగుంటుంది? ముందు కూర్చో, కేకు తిను.”

“తినకూడదండీ, నియమం” అంటూ కేకు వంక చివరి చూపు చూసింది. “ఒకే బొంతమీద అందరూ పడుకోకూడదు. బిడ్డకో మంచం, మంచానికో పక్క, పక్కమీద పేరు. మంచానికీ మంచానికీ మధ్య రెండడుగులు. శుక్రవారం ఒంటిగంటకి మళ్ళీ వస్తాను. అప్పుడు ఎవరి మంచంమీద వాళ్ళుండాలి. లేదంటే కాగితం రాయలేను.”

ఆవిడ వెళ్ళాక షవోండా మెట్లమీద కూలబడింది.

“ఏడవకు. ఏడిస్తే మంచాలు వాటంతటవే పైకొస్తాయా? లే, కొస పట్టు” అంది మిస్ ఓడెల్లా.

మంచాలు పైకొచ్చాయి. చోటు చాలక సోఫా వసారాలోకి పోయింది. దాన్ని ఏమస్ ఆ వేసవంతా కబ్జా చేశాడు. అన్నీ కుదిరాయి, ఒక్క నిద్ర తప్ప. బుధవారం ఆరు మంచాలమీదా ఆరు రాగాలు లేచాయి. మా వాడు ముందు దిగాడు. తర్వాత ఒక్కొక్కరే దిగి, బొంత పరిచే చోటుకి పాక్కుంటూ పోయి, వట్టి నేలమీద గుంపుగా పడుకున్నారు. గురువారమూ అదే కథ. ఇమానీ అయితే మంచం చూస్తేనే కెవ్వుమంది.

ఆ సాయంత్రం మిస్ ఓడెల్లా బొంత మడత విప్పి బల్లమీద వేసింది. కత్తెర తీసింది.

షవోండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. “వద్దు మిస్ ఓడెల్లా. అది మీ అమ్మ కుట్టింది. నేను ఇంకో పనేదైనా చూసుకుంటాలెండి.”

“ఇంకో పనట! చెట్లకి కాస్తున్నాయా? మా అమ్మ దీన్ని గోడకి తగిలించుకోడానికి కుట్టలేదే పిచ్చిదానా, పిల్లలు పడుకోడానికి కుట్టింది. ఆ అంచు గట్టిగా లాగి పట్టుకో. వంకరపోతే ఊరుకోను.”

మొదటి కోత పడింది. ఏమస్, మధ్యాహ్నం కాకపోయినా, దగ్గు ఆపుకున్నాడు. ఆరు ముక్కలయ్యాయి. ఆరింటికీ అంచులు మడిచి, మూలల్లో ఎర్రదారంతో పేర్లు కుట్టింది. తండ్రి ప్యాంటు ముక్క ఇమానీకి వచ్చింది.

శుక్రవారం ఒంటిగంటకి మిసెస్ డ్రెక్స్‌లర్ వచ్చింది. మంచాల మధ్య ఎడం కొలిచింది. సిలిండరు గది నడిబొడ్డున, దేశాధ్యక్షుడి విగ్రహంలా నిలబడి ఉంది. పిల్లల్ని పడుకోబెట్టారు. షవోండా వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. ఇమానీ మంచంమీద లేచి కూర్చుంది. ఒక కాలు కిందికి జార్చింది. అప్పుడు కింద ఉన్న గుడ్డ చేతికి తగిలినట్టుంది. దాన్ని పిడికిట్లోకి లాక్కుని, ముక్కుకి రుద్దుకుని, కాలు వెనక్కి తీసుకుంది. పావుగంటలో గదిలో ఆరు ఊపిరులు తప్ప చప్పుడు లేదు.

మిసెస్ డ్రెక్స్‌లర్ ఒక పక్కమీదికి వంగి కుట్టు చూసింది. ఇంకో పక్క చూసింది. ఒకదాని మీద మొదలైన గళ్ళు ఇంకోదాని మీద పూర్తవుతున్నాయి.

“ఇది మొన్నటి...”

“అవునమ్మా.”

ఆవిడ కలం తీసింది. “వేర్వేరు పక్కలు: ఉన్నాయి” అని రాసి సంతకం పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, కేకు పొట్లం కట్టి ఇస్తే తీసుకెళ్ళకూడదన్న నియమమేమీ లేదంది.

సోమవారం ఇంకా పూర్తిగా తెల్లారకముందే షవోండా కొత్త నీలం చొక్కాలో వచ్చి, ఇమానీని మిస్ ఓడెల్లా చేతుల్లో పెట్టి, బస్సుకోసం పరిగెత్తింది.

బడికి వెళ్ళే వయసు రాగానే పిల్లలు ఒక్కొక్కరే తమ ముక్క పట్టుకుపోయారు. మా వాడిది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మిస్ ఓడెల్లా మాత్రం చలికాలంలో దుకాణం దుప్పటి కప్పుకునేది. ఎలా ఉందని అడిగితే, “వెచ్చగానే ఉంది, కాకపోతే దానికి మావాళ్ళెవరూ తెలీదు” అనేది. ముందుగదిలో నడిచేటప్పుడు ఆవిడ పోయేదాకా ఆ బొంత పరిచే చోటు తొక్కలేదు, చుట్టూ తిరిగి వెళ్ళేది. చూసీ చూసీ మేమూ అలాగే వెళ్ళేవాళ్ళం.