నాన్న నేర్పిన ఇంగ్లీషు

నేను పదిహేనేళ్లు ఇంగ్లీషు చెప్పిన చిన్న స్కూలు పిల్లల్లేక మూతబడింది. అప్పటికి నాకు నలభై దాటాయి. బెంగాలీల మధ్య రైల్వే ఊళ్లో, నిమ్‌పురా పేటలో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ నాన్నా ఉంటున్నాం. ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నా ఇంగ్లీషు ఆయన పెట్టిన భిక్షే. చిన్నప్పుడు ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ, ఆ రోజు రాసిన ఉత్తరాల్లోని వాక్యాలు నాచేత పలికించేవారు. ఫైలు ఆఫీసరు సాహెబు ముందు పెట్టడం ‘పుట్ అప్’. ఫారం నింపడం ‘ఫిల్ అప్’. చదువు పూర్తిచేయడం ‘పాస్ అవుట్’. అవే మాటలు నేను స్కూల్లో పిల్లలకు చెప్పాను.

ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే కంపెనీ ఒకటి టీచర్లను తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. నాన్న పక్కగదిలో, దగ్గు వినబడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద ఇంగ్లండ్ అమ్మాయి, నాకంటే చాలా చిన్నది, నా గురించి చెప్పమంది.

“ఇరవై ఒకటో ఏట పాస్డ్ అవుట్ అయ్యాను” అని ఇంగ్లీషులో చెప్పాను.

“అయ్యో, ఇప్పుడు ఒంట్లో బాగుందా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆ మాటకు తమ దగ్గర స్పృహ తప్పి పడిపోవడమని అర్థమని మెల్లగా చెప్పింది. వెక్కిరింపేమీ లేదు. ఉంటే బాగుండేదేమో.

ఫారం నింపమని విద్యార్థికి ఎలా చెప్తానని అడిగింది. ‘ఫిల్ అప్’ అన్నాను. తాము ‘ఫిల్ ఇన్’ అంటామని, అమెరికావాళ్లు ‘ఫిల్ అవుట్’ అంటారని, తమ దగ్గర రెండూ తెలిసినవాళ్లు కావాలని చెప్పింది. ఉన్నది ఒక్క కాగితం. ఒకరు లోపలికి, ఒకరు బయటికి, మేం పైకి నింపుతున్నాం.

రెండు రోజులకు కాదని జవాబొచ్చింది. మూడు నెలలాగి మళ్లీ ప్రయత్నించవచ్చట.

“పాస్డ్ అవుట్ అనడం తప్పేటమ్మా?” అన్నారు నాన్న.

“ఇక్కడ తప్పు కాదు నాన్నా. అక్కడ తప్పు.”

“ముప్పై ఏళ్లు రాసినాను. ఒక్క సాయెబూ కొట్టేయనేదు.”

గోల్‌బజార్‌లో ఇలాంటి జంట మాటల పుస్తకం కొన్నాను. రోజూ పొద్దున్నే ఆయన అడగడం, నేను చెప్పడం. ‘లుక్’ పక్కన ఒక తోక తగిలిస్తే వెతకడం, ఇంకోటి తగిలిస్తే విచారించడం, మరోటి తగిలిస్తే సాకడం, ఇంకోటి తగిలిస్తే చిన్నచూపు చూడడం. తట్టుకోవడానికి వాడే ‘కోప్ అప్ విత్’లో అసలు ‘అప్’ ఉండకూడదని చదివిన రోజు నాన్న పుస్తకం మూసి, “ఇది కూడానా?” అన్నారు. పిల్లలు వదిలేసిన ఆ ‘అప్’ను నేనే వందల నోట్‌బుక్కుల్లో ఎర్రసిరాతో చేర్చి దిద్దాను.

రెండో ఇంటర్వ్యూకి అంతా కంఠతా వచ్చు. కానీ నోరు తెరిస్తే ప్రతి క్రియ వెనకా మూడు తోకలు నిలబడ్డాయి. టీచరు ఎందుకయ్యానో చెప్పమంటే ఒక్క వాక్యం పూర్తిచేయలేకపోయాను. కనెక్షన్ పోయిందా అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. పోలేదు. ఈసారి వచ్చిన జవాబులో మళ్లీ ప్రయత్నించమని లేదు.

ఆ వారంలోనే లోకో షెడ్డులో పనిచేసే పక్కింటాయన కాగితం పట్టుకుని వచ్చాడు.

“బాబుగోరూ, సెలవుకి అర్జీ రాసి పెట్టండి.”

ఆ వీధిలో అందరి అర్జీలూ నాన్నే రాసేవారు.

“కళ్లు ఆనడం నేదయ్యా. ఇంకెవుల్నైనా సూసుకో” అన్నారు.

ఆ సాయంత్రమే మాత్రల అట్ట మీది సన్నటి తారీఖు అద్దాలు లేకుండా చదివారు.

ఇప్పుడు చీరల దుకాణంలో పనిచేస్తున్నాను. బెంగాలీ, హిందీ, తెలుగు చాలు. మొన్న పొద్దున్న లైటు ఆర్పమని ఎప్పటిలా ఇంగ్లీషులో చెప్పబోతూ నాన్న “పుట్...” అన్నారు. అంతలోనే ఆగి, తర్వాతి మాట కోసం కాసేపు చూసి, తనే లేచి గోడ పట్టుకుని వెళ్లి ఆర్పేశారు. నేను చూడనట్టే టిఫిన్ డబ్బా మూత పెట్టుకున్నాను.