నైరుతిలో ట్యాంకు, ఈశాన్యానికి వాటం

మా ఎదురింటి పట్టాభిరామయ్య గారికి వాస్తు బాగా తెలుసు. ఆ సంగతి ఊరందరి కంటే ఆయన భార్య లక్ష్మీకాంతం గారి మోకాళ్లకి ఇంకా బాగా తెలుసు. వంటిల్లు ఆ మూల నుంచి ఈ మూలకి మారినప్పుడల్లా సామాను మోసింది ఆవిడే మరి.

మా వైపు బోరు నీళ్లు ఉప్పు. పప్పు ఉడకదు, పాలు విరుగుతాయి. అందుకని ఆవిడ రోజూ మలికిపురం రోడ్డు మీదున్న మంచినీళ్ల ప్లాంటుకి వెళ్లి టిన్ను మోసుకొస్తారు. ఆయన మొయ్యరు. భుజం మీద ఉత్తరీయం ఉంటుంది కదా, టిన్నుకి చోటెక్కడిది?

ఈ వానాకాలం ముందు ఆవిడ ఒక్క కోరిక కోరారు. రేకుల చూరుకి గట్టరు కట్టించి, వాననీళ్లు ట్యాంకులో పట్టుకుందామని. ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. మేమంతా తొందరపడి సంతోషించాం.

గట్టర్లు బిగించే పోలిరాజు వచ్చాడు.

"ట్యాంకు ఎక్కడ పెట్టమంటారండీ?"

"బరువు నైరుతిలోనే ఉండాలి. శాస్త్రం."

"ఆయ్."

నైరుతి మూల దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారు. పోలిరాజు పడమటి చూరు, ఉత్తరపు చూరు చుట్టి గట్టరు తిప్పాడు. గొట్టంలో నీళ్లు పోసి లెవెలు చూస్తూ, "వాటం ట్యాంకు వైపే కదండీ?" అన్నాడు.

"హవ్వ! నీళ్లు నైరుతికి పారితే ఇంటి యజమాని బతికి బట్టకడతాడా? ఈశాన్యానికి పారాలి."

"ఏవండీ, మరి ట్యాంకులోకి నీళ్లెలా వస్తాయండీ?" అన్నారు లక్ష్మీకాంతం గారు.

"బరువు బరువే, పారుదల పారుదలే. రెండూ కలపకు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పోలిరాజు మర్యాదస్తుడు, పెద్దవాళ్లని కాదనడం తెలీదు. "ఆయ్" అని నైరుతి కొస పైకెత్తి, ఈశాన్యం కొస దించి బిగించేశాడు. వాటంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

మొదటి వాన పడింది. నీళ్లు చుక్క పోకుండా ఈశాన్యానికి పారి, గేటు పక్కన దూకి, వీధి కాలవలో కలిశాయి. నైరుతిలో ట్యాంకు ఖాళీగా ఉంది. ఖాళీ ట్యాంకు బరువెంతో శాస్త్రంలో రాశారో లేదో మరి.

"చూశావా కాంతం, ఎంత చక్కగా పారుతోందో!" అన్నారాయన అరుగు మీద కూర్చుని.

ఆవిడ తడుస్తూ గేటు దగ్గర బిందె పెట్టారు. నిండిన బిందె చంకనెత్తుకుని, ఇల్లు చుట్టి వెళ్లి, దిమ్మె ఎక్కి ట్యాంకులో పోశారు. మళ్లీ ఇంకో బిందె. ఈసారి మోకాలు పట్టేసి దిమ్మె మీదే కూలబడిపోయారు. పరుగెత్తుకెళ్లి నేనే లేవదీశాను. ఆయన్ని తీసుకెళ్లి ఆ గట్టరు కింద నిలబెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆవిడ మాత్రం గొంతు పెంచలేదు. కుంటుకుంటూ వెళ్లి, ఖాళీ టిన్ను తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"రేపట్నుంచి నీళ్లు మీరే తెచ్చుకోండి. ఇక నావల్ల కాదండీ."

మర్నాడు ఉత్తరీయం ఇంట్లో వదిలి వెళ్లి, ప్లాంటు దగ్గర ఆయన నిండు టిన్ను భుజానికెత్తారు. దారిలో దించుతూ, ఎత్తుతూ మా ఇంటి దాకా వచ్చి, మా అరుగు మీద దించేసి ఫోన్ తీశారు.

"పోలిరాజూ, వాటం ట్యాంకు వైపు తిప్పెయ్యవయ్యా. ఆకాశం నుంచి పడ్డ నీళ్లకి దిక్కు దోషం లేదు. శాస్త్రంలో మినహాయింపు ఉంది."

"ఆయ్," అనే ఉంటాడు అవతల.

ఆవిడ టిన్నులు మోసినన్నేళ్లూ ఆ మినహాయింపు శాస్త్రంలో ఉండే ఉంటుంది. ఒక్క టిన్ను తన భుజం మీదకి వచ్చేదాకా ఆయనకి కనబడలేదు.