నాన్న ముఖం గీయని కరుణమ్మ గారు

మొన్న విజయనగరంలో మేముంటున్న వాటా తలుపులకు రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన ఇల్లంతా కమ్మింది. మావారు కిటికీలు తెరుస్తూ తిరిగారు. నేను మాత్రం ఆ వాసనలోనే కూర్చుండిపోయాను. కళింగపట్నంలో కరుణమ్మ గారి ముందుగది ఎప్పుడూ అలాగే ఉండేది. ఆవిడ బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన మనిషి. శ్రీకాకుళంలో డ్రాయింగు టీచరు ఉద్యోగం మానేసి, బొమ్మలు వేసుకోవడానికి మా ఊళ్లో అద్దెకు దిగారు. ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లను నిలువెత్తు కాన్వాసుల మీద వేసేవారు. అన్నీ బూడిద, మట్టి, తుప్పు రంగులే. దూరపు ప్రదర్శనలకు వెళ్లినవాటిలో చాలావరకు తిరిగొచ్చేసేవి. “సముద్రం పక్కనే ఉండి నీలం రంగు లేదేటి?” అని మా పేటవాళ్లు అడిగితే, “ఈళ్లకి తలెత్తి సూసే తీరికేదీ?” అనేవారు.

నా చిన్నప్పుడు నాన్న వెళ్లిన పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. పెద్దకర్మనాడు పెట్టడానికి ఫోటో అయినా లేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని కరుణమ్మ గారి దగ్గరికి వెళ్లింది. ముక్కెలా ఉండేది, కనుబొమలెలా ఉండేవి అని అడుగుతూ ఆవిడ బొగ్గుతో గీశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. “ఈయనెవరో నాకు తెల్దు టీచరమ్మా.” మళ్లీ గీశారు. మళ్లీ కాదంది. చివరికి ఏడ్చేసింది. “ఇన్నేళ్లు కాపరం సేసి మొగుడి మొకం సెప్పలేకపోతన్నాను.”

కరుణమ్మ గారు ఆ కాగితాలు చింపేశారు. “మొకం వొదిలేయ్. కళ్లు మూసుకుంటే ఎలా కనిపిస్తాడో సెప్పు.”

“ఎల్లిపోతా కనిపిస్తాడు. వల భుజానేసుకుని, ఎడం కాలు ఈడుస్తా.”

ఆవిడ వేసిన బొమ్మలో నాన్న వీపే ఉంది. అమ్మ చూసి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. కర్మనాడు దానికే దండ వేశాం. “మొకం లేని పటానికి దండేటి?” అన్నాడు కులపెద్ద. “మా ఆయన్ని నాకెవరూ సూపించక్కర్లేదు,” అంది అమ్మ. ఆ తర్వాతే నేను కరుణమ్మ గారి దగ్గర గీయడం నేర్చుకున్నాను.

ఒక తుఫానుకు ఆవిడ ఇంటి రేకులు లేచిపోయాయి. తడిసి ఉబ్బిన కాన్వాసులను ఇద్దరం ఇసకలోకి ఈడ్చాం. ఎండ తగిలేసరికి రంగు పెచ్చులుగా రాలింది. ఆవిడ ఏడవలేదు. కానీ మళ్లీ పెద్ద బొమ్మ వేయలేదు. కొన్నాళ్లకు కడుపులో జబ్బు పట్టింది. ఆసుపత్రిలో చూడబోతే, “పెన్సిలుందా? నన్ను గియ్యి,” అన్నారు. గీసి చూపించాను.

“జాలిపడి బుగ్గలు నింపేసినావు. తీసేయ్.”

చెరిపి, లోతుకు పోయిన బుగ్గలను ఉన్నట్టే గీశాను. చాలాసేపు చూశారు. “ఇప్పుడు సరే,” అని గోడవైపు తిరిగారు. ఆ వారంలోనే పోయారు. సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు.

నేనిప్పుడు ఇక్కడ పిల్లలకు డ్రాయింగు నేర్పుతున్నాను. మా దగ్గరే ఉంటున్న అమ్మ పోయినేడు మంచాన పడింది. మధ్యాహ్నాలు పక్కన కూర్చుని ఆమెను గీస్తుంటాను. రోజురోజుకీ ముఖం తగ్గిపోతోంది. బుగ్గ దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. కాసేపాగి, ఉన్నంతే గీస్తుంది.