మన్ను మండే దేశపు మావయ్య

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి బియ్యం చేటలో పోసుకుని కూర్చున్నానో లేదో, అన్నయ్య కూతురు పక్కన చేరి ఫోనులో ఏదో వీడియో పెట్టింది. చల్లటి దేశపు మనుషులెవరో బయలు నేలలో నల్లటి మన్నును సన్నటి పారతో ఇటుకల్లా కోసి, వరసగా ఎండబెట్టి, బుట్టల్లో ఇంటికి మోసుకొచ్చి పొయ్యిలో పెట్టి అంటిస్తున్నారు. మన్ను మండుతోంది. కుంపటిలో బొగ్గుల్లాగా చక్కగా, నెమ్మదిగా మండుతోంది. ఏ దేశమే ఇది అని అడిగితే ఐర్లండు అంది. నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. అయితే మావయ్య అబద్ధం చెప్పలేదన్నమాట అని పైకే అనేసినట్టున్నాను, ఏ మావయ్య అత్తా అని ఆ పిల్ల అడిగింది. దానికి ఏం చెప్పను? ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తడం మానేసి మూడు పదుల ఏళ్ళు దాటాయి.

మావయ్య అంటే మా నాన్న అక్కకు భర్త. ఐర్లండు మనిషి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో పడుచుతనంలో రంగూను వచ్చి, నదిమీద తిరిగే స్టీమర్లలో ఇంజను మేస్త్రీగా చేరాడు. ఆ స్టీమర్లలో కళాసీలందరూ మన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళే కావడంతో ఆయనకు బర్మా భాషకన్నా ముందు తెలుగు వచ్చింది, అదీ కళాసీల తెలుగు. తర్వాత మా మేనత్తను పెళ్ళి చేసుకున్నాడు. ఆయన రోమను కతోలిక్కు, మేము బాప్టిస్టులం. రెండు వైపులా పెద్దలు ముఖాలు మాడ్చుకున్నారని, పెళ్ళి విందులో మా నాయనమ్మ అన్నం ముట్టలేదని చెప్పుకునేవారు. పిల్లలు లేరు. అత్త పోయాక రంగూనులోనే తామ్వే పేటలో ఉన్న మా కర్ర ఇంటి ముందుగదిలోకి వచ్చి చేరాడు. మా నాన్న కూడా అప్పటికే లేరు గనుక, అమ్మ, అన్నయ్య, నేను, ఆయన, ఇంతే మా సంసారం.

ఆయనకు ఒక అలవాటుండేది. ఏది చూసినా అక్కడ ఇలా, ఇక్కడ ఇలా అని పోల్చడం. ఇక్కడి వాన బిందెలతో కుమ్మరించి గంటలో ఊరుకుంటుంది, అక్కడి వాన జల్లించిన పిండిలాగా రోజంతా రాలుతూనే ఉంటుంది, తడిసినట్టు తెలియకుండానే తడుస్తాం అనేవాడు. ఇక్కడ టీలో డబ్బా పాలు పోసి పాయసం చేస్తారు, అక్కడ నల్లగా మరిగించి పచ్చిపాలు పోస్తారు అనేవాడు. అక్కడ పాములు లేనేలేవు అనేవాడు. ఎండాకాలంలో రాత్రి పదింటికీ వెలుతురుంటుంది అనేవాడు. వంటకు కట్టెలు లేకపోతే మన్ను కోసి మండిస్తాం అనేవాడు. ఇందులో ఒక్క ముక్కైనా మేం నమ్మితే ఒట్టు. మన్ను మండితే మరి ఇల్లు ఎక్కడ కట్టుకుంటారయ్యా అని నాయనమ్మ బతికున్నప్పుడు ఆయన ముఖం మీదే అడిగేదట. నేనూ అన్నయ్యా అయితే ఎవరు గొప్ప అబద్ధం చెబితే వాళ్ళను ఐర్లండు అని పిలుచుకునేవాళ్ళం. చెబితే నవ్వులాటగానే ఉంటుంది గానీ, ఒక మనిషి చెప్పే నిజాలన్నీ అబద్ధాలని ముందే అనుకోవడం అలవాటైతే, ఆ అలవాటు నవ్వులాట దగ్గరే ఆగిపోదు.

మా తరం వాళ్ళకు ఆ రోజులు చెప్పనక్కరలేదు. సైన్యం గద్దెనెక్కాక దేశం తలుపులన్నీ వేసుకుని కూర్చుంది. బయటి నుంచి ఉత్తరం వస్తే విప్పి అతికించిన జాడ కనబడేది, కొన్నాళ్ళకు అదీ రావడం మానేసింది. తెల్లవాళ్ళందరూ వెళ్ళిపోతుంటే మావయ్య మాత్రం ఉండిపోయాడు. ఎందుకుండిపోయాడని ఊరంతా ఆశ్చర్యపడింది, ఆశ్చర్యపడి ఊరుకోకుండా అనుమానపడింది కూడా. ఏడాదికోసారి ఆయన తన విదేశీయుల గుర్తింపు పుస్తకం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ముద్ర వేయించుకు రావాలి. అక్కడ ఏమడుగుతారో, ఈయన ఏం చెబుతాడో ఎవరికీ తెలియదు. పుస్తకాన్ని నూనెగుడ్డలో చుట్టి దిండుకింద పెట్టుకునేవాడు.

ఎనభై ఎనిమిదిలో, సైనిక ప్రభుత్వం దిగిపోవాలని వీధులన్నీ జనంతో నిండాయి. అన్నయ్య అప్పటికి కాలేజీ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, ముందు వరసల్లో నడిచేవాడు. మా వీధి మొదట్లో వెదుళ్ళు అడ్డం కట్టి కాపలా కాసేవారు. నీళ్ళకుండల్లో విషం కలుపుతున్నారని ఒకరు, ఫలానా ఇంట్లో వేగులవాడున్నాడని ఒకరు. పదేళ్ళుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగు ఒకరి చేతి నీళ్ళు ఒకరు తాగడం మానేశారు. మావయ్య బయటికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆ తర్వాత సైన్యం దిగింది, వీధులు ఖాళీ అయ్యాయి, అన్నయ్య కనబడకుండా పోయాడు.

మూడు వారాల తర్వాత, వానలు వెనకబట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం కూరగాయల బండి వాడి వెనకాలే గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని అన్నయ్య వచ్చాడు. జ్వరం. అమ్మ అటక మీద చాప వేసింది. ఇక్కడి పద్ధతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను, మన ఇంట్లో ఎవరు పడుకున్నా, పక్కింటి అత్తగారైనా సరే, వార్డు ఆఫీసులో అతిథుల జాబితాలో రాయించాలి. సొంత ఇంటి పిల్లవాడైతే రాయించనక్కరలేదు, కానీ వాడు ఊళ్ళో లేడని మేమే వాళ్ళకు చెప్పి ఉన్నాం. కాబట్టి వాడు అటక మీద దగ్గకుండా పడుకోవాలి, మేం కింద ముగ్గురికే వండినట్టు వండాలి. సంగతి తెలిసింది మా ముగ్గురికే.

వాడొచ్చిన మూడో రోజు బుధవారం. మా తెలుగు సంఘంలో బుధవారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూటం ఉంటుంది. మాలో ఒక ఆచారం, దేవుడు మేలు చేస్తే మనసులో దాచుకోకూడదు, నిలబడి సాక్ష్యం చెప్పాలి, దాచుకుంటే దేవుణ్ణి మోసగించినట్టు. అమ్మ వెళ్ళింది. ఇంట్లో మనిషి కావాలని నేను వెళ్ళలేదు. ఆ రోజు ఆమె లేచిందనీ, లేచి ఏం చెప్పిందీ నాకు చాలా రోజులదాకా తెలియదు.

మర్నాడు గురువారం. మావయ్య పుస్తకానికి ముద్ర వేయించే గడువు ఆ వారంలోనే పడింది. ఎప్పుడూ గంటలో వచ్చేవాడు మూడు గంటలైనా రాలేదు. వచ్చాక ఏమీ చెప్పకుండా ముఖం కడుక్కుని మంచమెక్కాడు. అమ్మతో ఆ మాట అన్నది నేనే. మావయ్య ఇవాళ చాలాసేపు ఆఫీసులో ఉన్నాడమ్మా అన్నాను. అమ్మ నా ముఖంలోకి చూసింది, అంతే. శుక్రవారం పొద్దున అన్నం వారుస్తుండగా వాళ్ళొచ్చారు. ఇల్లు వెతకనే లేదు, తిన్నగా అటక కిందికి వచ్చి నిచ్చెన వేయమన్నారు. అన్నయ్య దిగుతూ దిగుతూ ముందుగది వైపు చూశాడు. మావయ్య గుమ్మంలో పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, వాళ్ళు ఆయన్ను ఏమీ అడగలేదు. పట్టించింది ఎవరో తేల్చుకోవడానికి అదే మాకు చాలింది.

అంతవరకు అమ్మ ఆయన్ను అన్నగారూ అని పిలిచేది, వరస అదే కదా. ఆ రోజు నుంచి దొర అనడం మొదలుపెట్టింది. దొరకు అన్నం పెట్టు, దొర బట్టలు విడిగా ఉతుకు. ఒక మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండానే వెళ్ళగొట్టవచ్చునని నాకప్పుడే తెలిసింది. ఆయన ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా నేరం ఒప్పుకోవడమే అనుకున్నాం. పోల్చడం మానేశాడు. వాన పడినా, టీ తియ్యగా ఉన్నా అక్కడి ఊసు లేదు. జైల్లో అన్నయ్యను చూడడానికి అనుమతి దొరికిన మొదటిసారే అమ్మ వాడి చెవిలో ఆ పేరు వేసి వచ్చింది.

నాలుగైదు నెలలయ్యాక ఇంటి జాబితాలో అన్నయ్య పేరు కొట్టించమని వార్డు ఆఫీసు నుంచి కబురొస్తే నేను వెళ్ళాను. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు, నన్ను చెల్లెమ్మా అని పిలిచి కూర్చోబెట్టి, పేరు కొడుతూ కొడుతూ బర్మా భాషలో మెల్లిగా అన్నాడు, మీ అమ్మగారు భక్తురాలే, కానీ కొడుకును ఇంటి కప్పు కిందికి చేర్చినందుకు దేవుడికి దండం పెట్టేదేదో వాడు మళ్ళీ వెళ్ళిపోయాక పెట్టాల్సింది అని. ఇంటికి పోకుండా కూటం జరిగిన ఇంటికి పోయాను. ఆ ఇంటి పెద్దమ్మ నేను అడక్కుండానే కళ్ళు తుడుచుకుంటూ, ఆ బుధవారం మీ అమ్మ ఎంత బాగా సాక్ష్యం చెప్పిందో అని ఆ మాటలే అప్పజెప్పింది.

“తండ్రీ, నా బిడ్డని నా ఇంటి కప్పు కిందకి మల్లా తెచ్చినావు, నీకు స్తోత్రం అన్నాదమ్మా. అందరం ఏడ్సినాం.”

ఆ రోజు అక్కడ పదహారు మంది ఉన్నారట. కిటికీలు తెరిచే ఉన్నాయట. ఆ మాట ఆఫీసుకు మోసింది ఎవరని అనుకోను? అప్పటినుంచి కూటంలో కళ్ళు మూసుకుంటే చాలు, ఒక్కొక్క గొంతూ విని ఇదేనా, ఇదేనా అని అనుకోవడమే నా ప్రార్థన అయిపోయింది. ఇప్పటికీ తెలియదు.

అమ్మ బజారుకు వెళ్ళిన సమయం చూసి మావయ్య దగ్గర నేల మీద కూర్చుని చెప్పేశాను. క్షమించమని అడిగాననుకుంటాను, సరిగా జ్ఞాపకం లేదు, ఏడుపు మాత్రం జ్ఞాపకం ఉంది. ఆయన పుస్తకం చుట్టే నూనెగుడ్డను మడతపెడుతూ విన్నాడు.

“నాకు తెల్సు పిల్లా. బుదారం మీ యమ్మ పార్దనకెల్లినాది, సుక్కురారం ఆల్లొచ్చినారు. అమ్మకి సెప్పకు. తన నోరే కొడుకుని పట్టించీసినాదని తెలిస్తే ఇంక దేవుడితో మాటాడదు. నన్ననుకోనీ. ముసిలోన్ని, ఎన్నాల్లంటాది?”

అన్నయ్యకైనా చెబుతానన్నాను. వాడికి చెబితే అమ్మకు చెప్పినట్టే అన్నాడు. ఆ తర్వాత, అన్ని నెలల్లో మొదటిసారి, తన దేశం సంగతి ఎత్తాడు. తన చిన్నప్పుడు అక్కడా ఇంగ్లీషువాళ్ళ మీద ఇలాగే తిరగబడ్డారట, వీధుల్లో సైనికులు, ఎవరింట్లో ఎవరు దాక్కున్నారని వెతుకులాట. వాళ్ళ ఊళ్ళో దాక్కున్న మనిషి ఒకడు దొరికిపోతే, మావయ్య నాన్నే పట్టిచ్చాడని ఊరంతా అంది. పాలు పోసేవాళ్ళు పోయడం మానేశారు, గుడిలో వాళ్ళ బెంచీ మీద ఎవరూ కూర్చునేవారు కాదు.

“అక్కడా ఇంతే పిల్లా. మా అయ్య సెప్పినాడో నేదో నాకిప్పటికీ తెల్దు. అడగనేకపోనాను. అడగనేకే ఓడెక్కీసినాను.”

అన్నేళ్ళూ పోల్చి పోల్చి, అక్కడికీ ఇక్కడికీ తేడా లేదని ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క సంగతిలోనే. టీ గురించి, వాన గురించి అంత చెప్పిన మనిషి తాను ఎందుకు వచ్చేశాడో మా అత్తకైనా చెప్పాడో లేదో. ఎందుకు తిరిగి వెళ్ళలేదని ఊరంతా అనుమానపడిందే, దానికి జవాబు అంత చిన్నది.

రెండేళ్ళకు పోయాడు. మాలో సమాధి పూడ్చే ముందు ఇంటివాళ్ళు తలో పిడికెడు మన్ను వేస్తారు. అమ్మ గట్టున నిలబడింది గానీ వంగలేదు. నేను ఒకసారి వేసి, పక్కకు తిరిగినట్టు తిరిగి మళ్ళీ వేశాను, అమ్మ వంతు. ఆమె చూసింది. దొరకు రెండెందుకే అని ఇంటికొచ్చాక అడిగింది. చెయ్యి జారిందన్నాను. అన్నయ్య ఆ తర్వాత మూడేళ్ళకు విడుదలై వచ్చాడు, ముందుగదిలో మంచం తీసి బయట పారేశాడు. అమ్మ ఇంకా చాలా కాలం బతికింది. పోయే ముందు కూడా దొరను దేవుడు క్షమించుగాక అని ప్రార్థన చేసింది. నేను ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ నా గొంతులో ఇంకా ఉంది.

ఇప్పుడు మళ్ళీ అవే రోజులు వచ్చాయి. మళ్ళీ సైన్యం ఏలుబడి, మళ్ళీ అతిథుల జాబితా, మళ్ళీ వీధి మొదట్లో కొత్త ముఖాలు. మా బుధవారం కూటాలు జరుగుతున్నాయి గానీ, సాక్ష్యం ఎవరిదని పాస్టరుగారు అడిగితే అందరం పాటల పుస్తకంలోకి చూస్తాం. మరీ ఉండలేని వాళ్ళు లేచి, దేవునికి తెలిసిన ఒక విషయం గురించి ప్రార్థించండి అని కూర్చుంటారు. ఒకప్పుడు ఎవరింట్లో ఎవరికి జలుబు చేసిందో కూడా దేవుడితో పాటు అందరికీ తెలిసేది. అమ్మలాగా నిలబడి నోరారా స్తోత్రం చెప్పే మనిషి మాలో ఇప్పుడు ఒక్కరూ లేరు. అది మంచికేనని తెలుసు. అయినా ఆ గొంతుల కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఇదంతా తెలుగులో రాయడానికి కారణం ఒకటుంది. ఆదివారపు బడిలో పాటల పుస్తకం పట్టి ఈ అక్షరాలు నేర్చుకున్నది ఇంట్లో నేనొక్కదాన్నే. అన్నయ్యకు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు, వాడి కూతురికి మాటా అంతంతమాత్రం. అమ్మ పోయి ఇన్నేళ్ళయింది, ఇక దాచి కాపాడవలసిన వాళ్ళెవరూ లేరు. అయినా నోటితో చెప్పలేక, ఇంట్లో ఎవరూ చదవలేని చోట రాసుకుంటున్నాను. మావయ్యకు ఓడ దొరికింది, నాకు ఈ నోటుపుస్తకం.

ఇందాక అన్నయ్య టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు రోజుల్నుంచి ఏటి రాస్తన్నావని అడిగాడు. ఆ మండే మన్ను వీడియోను కూతురు వాడికీ చూపించిందట. మావయ్య గురించి అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి, సదువు, ఇంటాను అన్నాడు.

కళ్ళజోడు కనబడడం లేదన్నయ్యా అన్నాను.

అది నా ముక్కు మీదే ఉంది. వాడు దాన్నే చూస్తూ, లేవకుండా అక్కడే కూర్చుని ఉన్నాడు.