కంప్యూటర్ కార్డులకు ఆయుధపూజ

డెబ్బైల చివర్లో తిరువూరు మొత్తానికి కంప్యూటర్ చదువుతున్న మనిషిని నేనొక్కదాన్నే. కంప్యూటర్ అంటే ఏమిటో సరిగా తెలియని మనుషులు మాత్రం ఊరంతా ఉండేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉండేదాన్ని. ఈ రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే పరువేం కాను?

సెలవులకు వచ్చి బస్సు దిగానంటే చాలు, రిక్షా ఎక్కేలోపే విన్నపాలు మొదలయ్యేవి. పత్తి రైతు ఒకాయన, "అమ్మాయ్, ఈ ఏడు పత్తి రేటు పెరిగిద్దో తగ్గిద్దో మీ మిషన్నడిగి ఒక ముక్క చెప్పు" అనేవాడు. బస్టాండు ఎదురుగా బట్టలు కుట్టే సాయిబుగారు కత్తెర పక్కన పెట్టి మరీ అడిగేవారు. "ఏమ్మా, మనిషిని చూస్తేనే కొలతలు చెప్పేస్తదంటగా అది? మా పొట్ట కొట్టదు గదా?" మీకేం భయం లేదండీ అని నేను అభయమిచ్చేదాన్ని. ఎందుకు భయం లేదో నాకు బాగా తెలుసు. మా కాలేజీ మిషను చేత రెండూ రెండూ కూడించడానికే మాకు వారం పట్టేది.

బీటెక్‌లో కొత్తగా పెట్టిన శాఖ అది. విజయవాడ వెళ్ళి, రైలెక్కి, పగలంతా కూర్చుంటే వచ్చే ఊళ్ళో కాలేజీ. కంప్యూటర్‌కు చల్లటి గది, మాకు తిరగని ఫ్యాను. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. చెప్పులు విప్పినా వెళ్ళకూడదు. అద్దంలోంచి చూసుకోవచ్చు, అంతే. మొదటి మూడేళ్ళూ నేను అద్దంలోంచే చూశాను. లోపలికి వెళ్ళే హక్కు ఆపరేటర్ అనే ఒకే ఒక్క మనిషికి ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ సామెత ఆయన్ని చూశాకే పుట్టి ఉంటుంది. ఇక పాఠం చెప్పే లెక్చరర్‌గారు పాత నోట్సు చదివి రాయించేవారు. సందేహం అడిగితే "అది మిషను మోడల్‌ను బట్టి ఉంటుంది" అనేవారు. ఏ మోడల్ సార్ అని అడిగేలోపు గంట కొట్టేవాళ్ళు.

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు గానీ, అప్పట్లో మనం రాసిన ప్రోగ్రాము మిషనుకు ఎక్కాలంటే అట్ట కార్డులే గతి. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. పంచింగ్ మిషను ముందు కూర్చుని టకటకా కొడితే కార్డుకు చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్ని చూసి కంప్యూటర్ మన మాట అర్థం చేసుకుంటుంది. కార్డు వంగకూడదు, తడవకూడదు, వరస తప్పకూడదు. కట్టంతా కిటికీలో ఇచ్చి వస్తే రెండ్రోజులకో మూడ్రోజులకో జవాబు కాగితం వచ్చేది. చాలాసార్లు అందులో 'తప్పు' అని తప్ప ఇంకేం ఉండేది కాదు. ఎక్కడ తప్పో వెతుక్కోవడమే మా చదువు.

ఆఖరి ఏడాది నా ప్రాజెక్టు, కాలువ నీళ్ళు ఏ ఊరికి ఎన్ని వదలాలో లెక్క కట్టే ప్రోగ్రాము. నాలుగు వందల పైచిలుకు కార్డులు, నెలన్నర పని. దసరా సెలవులు అయిన మర్నాడే నా వంతు. ఆ రోజు కార్డులు ఇవ్వకపోతే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే ఆ ఏడు పోయినట్టే. నా విషయంలో ఏడు పోవడమంటే చదువే పోవడం. ఎందుకంటే నన్ను కాలేజీలో చేర్చేటప్పుడే మా పెదనాన్న తేల్చి చెప్పాడు. "ఒక్కసారి తప్పిందా, పెట్టె సర్దుకుని ఇంటికే. మగపిల్లలంటే తప్పి తప్పి పాసవుతారు, ఆడపిల్లకి అంత తీరిక ఎక్కడిది?" మా ఇంట్లో పెదనాన్న మాటకు ఎదురు లేదు. ఆయన తమ్ముడైన మా నాన్నకు అసలు మాటే లేదు.

సెలవులకు హాస్టలు మూసేస్తారు, కార్డులు అక్కడ వదిలితే ఎలుకల పాలు. అందుకని అట్టపెట్టెతో సహా తిరువూరు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఒక్కో కార్డూ తీసి తప్పొప్పులు చూసుకుంటుంటే మా నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇవేంటే?"

"నాన్నకి నాగలెట్టాగో నాకివి అట్టాగ. ఇవి లేకపోతే నా చదువే లేదు."

"ఓహో, పనిముట్లన్నమాట" అంది.

అవునన్నాను. అక్కడితో ఊరుకోకుండా, వీటి మీదే నా బతుకంతా ఆధారపడి ఉందని కూడా అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పి నోరు మూసుకునే గుణం నాకు ఆ రోజుల్లోనూ లేదు.

మహర్నవమి నాడు విస్సన్నపేటలో ఉన్న స్కూలు స్నేహితురాలిని చూడ్డానికి వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా వరండాలో చాప పరిచి ఉంది. చాప మీద నాయనమ్మ, పక్కింటి పిన్నిగార్లు ఇద్దరు. పొద్దున నాగలికీ, ట్రాక్టరుకూ, కరెంటు మోటారుకూ అయిన ఆయుధపూజ అప్పటికి నా దాకా వచ్చింది. ఒక పిన్నిగారు పెట్టెలోంచి కార్డు తీసి అందిస్తోంది, నాయనమ్మ తడి పసుపు అద్దుతోంది, రెండో ఆవిడ ఆరబెట్టి పేరుస్తోంది. పెళ్ళి శుభలేఖలకు పెట్టినట్టు, ఒక్క కార్డూ వదలకుండా. మధ్యాహ్నం భోజనాలు కాగానే కూర్చున్నారట. ఆఖరి పది కార్డులు మిగిలాయి.

నన్ను చూసి నాయనమ్మ మొహం వెలిగిపోయింది. "రావే తల్లీ, నడుం పట్టేసిందనుకో. అన్నిటికీ ఒక మూల తెగిపోయి ఉందే, ఎలుకలు కొట్టాయా ఏంటి? తెగిన మూలకి పసుపు నిలవలా. అందుకని ఆ మూల కుంకం పెట్టా. చిల్లులు కూడా పడ్డయ్యి. పడితే పడ్డయ్యిలే, అమ్మవారు అయ్యన్నీ చూస్తదా?"

ఆ మూల మిషను కోసం ఫ్యాక్టరీలోనే కోసి పంపిస్తారు. ఆ చిల్లులు నేను నెలన్నర పాటు నడుం విరగ్గొట్టుకుని పొడిచినవి. కార్డు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మూలలన్నీ అప్పడంలా ఉబ్బి ఉన్నాయి. వరస ఎప్పుడో పోయింది.

నేను అరిచిన అరుపుకు పిన్నిగార్లు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయారు. "నీకేమన్నా మతుందా నాయనమ్మా? నా గొంతు కోశావు గదే! చదువురాని మొద్దువి, తెలియని వాటి జోలికి నిన్నెవరు రమ్మన్నారు? దేవుడి గదిలో కూర్చోక నా నెత్తినెందుకు కూర్చున్నావు?" ఇంకా చాలా అన్నాను. అవి రాయను. ఆవిడ వయసుకు అనకూడని మాటలు అవి. ఆ సమయానికి నాకు ఆవిడ వయసు కనపళ్ళేదు, పెదనాన్న ఒక్కడే కనపడ్డాడు.

నాయనమ్మ లేచింది. పసుపు గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. పెదనాన్న వచ్చి, సంగతంతా విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంకేం? అమ్మవారే వద్దంటే మనమెవరం?" అన్నాడు. అంత ప్రశాంతంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

రెండ్రోజులు నాయనమ్మ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నా తప్పేమీ లేదనే అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే విజయవాడ బస్సు ఎక్కబోతుంటే వెనకాల చేతిసంచితో ఆవిడ.

"నువ్వెక్కడికి?"

"మీ పంతుళ్ళతో మాట్లాడాలి."

"వాళ్ళు పంతుళ్ళు కాదు నాయనమ్మా, ప్రొఫెసర్లు. నువ్వు మాట్లాడితే వినరు."

"వినకపోతే తిరిగొస్తా. టికెట్టు తీయి."

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌గారు మర్నాడు నా కార్డును రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూశారు. వరండాలో ఆపరేటర్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. "ఇది రీడర్‌లో పెడితే రీడర్ చస్తుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లవేనా నువ్వు? ఈ మూఢనమ్మకాలేంటి? ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు కంప్యూటర్లెందుకు? నీ టర్న్ క్యాన్సిల్. వచ్చే ఏడాది చూసుకో" అన్నారు హెడ్‌గారు.  మూఢనమ్మకం నాది కాదు సార్, ఆవిడది అని వేలు పెట్టి చూపించబోయాను. నిజంగానే చూపించబోయాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చూస్తే నాయనమ్మ అక్కడ లేదు. కాస్త అవతల, కంప్యూటర్ గది అద్దానికి మొహం ఆనించి లోపలికి చూస్తోంది.

"అయ్యా, ఇట్టా ఒకసారి రండి" అని పిలిచింది హెడ్‌గారిని. పెద్దావిడ పిలిచేసరికి ఆయన వెళ్ళక తప్పలేదు. నేనూ వెళ్ళాను.

లోపల కంప్యూటర్‌కు నిలువెత్తు బంతిపూల దండ. వాడిపోయి వేలాడుతోంది. మిషను నుదుటి మీద, అంటే దీపాలు వెలిగే చోటికి పైన, గంధమూ కుంకుమా అరచేయంత బొట్టు. కార్డులు మింగే రీడర్ మీద పసుపు చారలు మూడు. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు. గడప ముందు పగలగొట్టిన గుమ్మడికాయ కుంకుమ ఇంకా తుడవలేదు. ఎవరు చేశారో అడగక్కర్లేదు, ఆపరేటర్ నవ్వు మానేసి బూట్లు చూసుకుంటున్నాడు.

"ఇది చేసిందెవరయ్యా?" అని హెడ్‌గారినే అడిగింది నాయనమ్మ.

"అది... స్టాఫ్ సరదాకి చేసుకున్నారమ్మా. అయినా అది వేరు. పైపైన పెట్టారు, లోపలికి పోదు."

"మరి నాకెవరు చెప్పారు, పైపైన పెట్టాలి, లోపల పెట్టకూడదని? మాకు నాగలికి ఎక్కడ పెట్టినా నాగలి దున్నిద్ది. మీరింత చదువుకున్నోళ్ళే మీ మిషన్‌కి బొట్టు పెట్టుకున్నారు. నేను మా పిల్ల కార్డులకి పెట్టుకున్నా. మీరు పెడితే సరదా, నేను పెడితే మూఢమా?"

హెడ్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.  మోడల్‌ను బట్టి ఉంటుందని మా లెక్చరర్‌గారిలా తప్పించుకోవడం కూడా కుదరలేదు.

నాయనమ్మ అక్కడితో ఆగలేదు. "తప్పు నాదేనయ్యా, కాదన్లేదు. తప్పిస్తే నన్ను తప్పించండి. నాకెట్టాగూ చదువు రాదు, కొత్తగా పోయేదేం లేదు. ఈ పిల్ల తప్పితే మా పెద్దోడు మళ్ళీ పంపడు. వాడు నా కొడుకే, వాడి సంగతి నాకు తెలుసు."

చదువు రాదన్న మాట ఆవిడ కోపంగా అనలేదు, నా వైపు చూసి కూడా అనలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

"శుక్రవారం సాయంత్రం దాకా టైమిస్తాను. అంతే. మిషను మీద ఒక్క రన్" అన్నారు హెడ్‌గారు. చేతిలో మూడ్రోజులు. పంచింగ్ గదిలో మూడు మిషన్లు, అందులో ఒకటి చెడిపోయింది. నేను పొద్దున్నే వెళ్ళి కూర్చుని నాలుగు వందల కార్డులూ మళ్ళీ మొదటి నుంచీ కొట్టాను. వార్డెన్‌ను ఏం చెప్పి ఒప్పించిందో గానీ, నాయనమ్మ హాస్టల్లో నా గదిలోనే దిగిపోయింది. పగలంతా పంచింగ్ గది బయట బల్ల మీద కూర్చునేది. నేను కొట్టిన కార్డులు వరసగా ఆవిడ ఒళ్ళోనే పెట్టేదాన్ని. ముట్టుకునే ముందు ప్రతిసారీ చీర కొంగుకు చేతులు తుడుచుకునేది. ఎవరైనా పక్కన కూర్చోబోతే, "అవతలికి జరుగు నాయనా, చెమట తగిలిద్ది" అనేది.

శుక్రవారం కట్ట కిటికీలో ఇచ్చాం. ఆపరేటర్ రెండు చేతులా అందుకున్నాడు. రెండు గంటల తర్వాత మడతలు మడతలుగా ఉన్న కాగితం తెచ్చి, "రన్నయింది" అన్నాడు. హెడ్‌గారు కింద సంతకం పెట్టారు. ఏడు పోలేదు. నేను అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

నాయనమ్మ కాగితం తిరగేసి చూసింది. "ఏం రాసిందే ఇందులో?"

"ఏ ఊరికి ఎన్ని నీళ్ళు వస్తాయో రాసింది."

"మన వైపుకెన్నొచ్చాయి?"

వేలు పెట్టి వెతికాను. మెరక ప్రాంతం, కాలువ చివర. "సున్నా."

"దీనికింత మిషనెందుకే? ఇంట్లో కూర్చుని నేను చెప్పేదాన్ని గదా" అంది. ఆపరేటర్ కూడా నవ్వాడు. నేనూ ఏడుపులోనే నవ్వాను. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో అప్పటిదాకా నోట్లోనే ఉన్న మాట బయటికి తీశాను.

"నాయనమ్మా, ఆ రోజు నేను నిన్నన్న మాటలు..."

"అన్నావు. ఉన్న మాటే అన్నావు" అంది కాగితం మడతలు సరిచేస్తూ. "మా అమ్మ నాకు చదువు చెప్పించలా. మీ మేనత్త చదువుకుంటానని ఏడిస్తే నేనే మానిపించా. బంగారం లాంటి పిల్ల, నా మాటకి తల దించుకుని వెళ్ళి పొయ్యి రాజేసింది. ఇప్పటిదాకా ఒక్కసారన్నా నా మీద నోరెత్తలేదే అది. ఎత్తుంటే బాగుండేది."