కదిలే మెట్ల దగ్గర మా వదిన

ఊరి నడిబొడ్డున ఆ మాల్ కట్టిన కొత్తలో జనం బస్సులు మాట్లాడుకుని వచ్చేవారు. కొనడానికి కాదు, చూడడానికి. అద్దాల కప్పు వంక మెడలు నొప్పి పుట్టేదాకా చూసి, ఎస్కలేటర్ ముందుకొచ్చి ఆగిపోయేవారు. మా వదిన ఉద్యోగం అక్కడే. భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు ఎక్కించడం. మాల్లో అందరికీ ఆమె మెట్లక్క.

అన్నయ్య పోయాక మా పక్క వాటాలో ఒక్కతే ఉండేది. "ఇంట్లో గోడలే కదా మరిదీ. అక్కడైతే రోజంతా ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుంటారు," అనేది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఆ రోజు కబుర్లు చెప్పేది. "ఇంతేసి మీసాలాయన, కళ్లు మూసుకుని 'అక్కా, వదలకు!' అని ఒకటే కేక. వెనక నుంచి వాళ్లావిడ, 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' అంది."

ఒకరోజు ఆమె చేతిలో టీ గ్లాసు తొణికింది.

"ఏంటి వదినా?"

"చలి."

"ఇంత ఎండలోనా?"

నవ్వేసింది. తర్వాత తనే చెప్పింది. నరాల జబ్బట. వణుకు పెరగడమే గాని తగ్గదన్నారట. "మా సూపర్‌వైజర్‌కి తెలిస్తే ఇంటికి పంపేస్తాడు. నువ్వు నోరు జారకు."

దాచడం కష్టం కాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నవాళ్లంతా వణుకుతున్నది తామే అనుకునేవారు. "అమ్మో, చూడు ఎలా వణికిపోతున్నానో!" అనేవారు. "మొదటిసారి అందరికీ ఇంతేనండీ," అనేది వదిన. ఈ కబురు చెప్పినప్పుడు మాత్రం నవ్వేది కాదు.

అలా ఉండగా ఓరోజు ఒక ముసలావిడ వచ్చింది. సరిగ్గా కాలు పెట్టే క్షణంలో వదిన చెయ్యి ఒక్కసారిగా అదిరి, పట్టు తప్పింది. ఆవిడ మోకాలి మీద పడింది. ఎవరో మీట నొక్కి మెట్లు ఆపారు. మోకాలు గీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. లేపి కూర్చోబెడితే ఆవిడ వదిన చేతులు పట్టుకుని, "నా పిరికితనం నీకు మాట తెచ్చేట్టుంది తల్లీ. నేనే వణికాను, నీ తప్పేం లేదు," అని అందరికీ వినబడేలా చెప్పింది.

వదిన తిన్నగా సూపర్‌వైజర్ గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఉద్యోగం మాత్రం ఉంచలేకపోయాడు.

చాన్నాళ్లకు వదిన, "ఒకసారి మాల్ చూసొద్దాం," అంటే తీసుకెళ్లాను. ఆమె నిలబడే చోట ఇప్పుడు జాగ్రత్తలు రాసిన బోర్డు ఉంది. దాని పక్కనే ఒకామె అడుగు ముందుకు వేయడం, వెనక్కి తీయడం. వదినను చూసి, ఏమనుకుందో, చెయ్యి చాచింది.

వదిన చెయ్యి సగం దాకా లేచింది. వెంటనే దాన్ని కొంగులో చుట్టేసుకుంది.

"కిందికి చూడకండి, నన్ను చూడండి. కుడికాలు ముందు. ఆ, అంతే!"

ఆమె ఎక్కేసింది. పైకి చేరి దిగేదాకా వదిన తల ఎత్తి చూస్తూనే ఉంది. కొంగు లోపల చెయ్యి కొట్టుకుంటోంది.

"పద మరిదీ, పోదాం," అంది.